వీరుల పేరిట పూచీకత్తు

జూలై మాసంలోని మూడు తేదీలు ఇద్దరు భారత సైనికులను మనకు గుర్తుచేస్తాయి. 1933 జూలై 1న నేటి ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా ధామూపూర్ గ్రామంలో ఒక దర్జీ ఇంట అబ్దుల్ హమీద్ జన్మించారు. 1948 జూలై 3న జమ్మూ సరిహద్దులోని ఝంగర్ వద్ద బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ ఫిరంగి గుండు తగిలి అమరులయ్యారు. 1912లో ఆ ఉస్మాన్ పుట్టిన తేదీ జూలై 15.

ఈ రెండు పేర్లూ మన పాఠకులకు కొత్తవి కావు. ఎక్కడో ఒకచోట మన దేశభక్తిని శంకిస్తూ ఎవరో ఒక మాట విసురుతారు. ఆ వారంలోనే ఏదో ఒక సభలో మన వక్త లేచి, ‘ఉస్మాన్ సాబ్ ఎవరు? హమీద్ సాబ్ ఎవరు?’ అని గట్టిగా ప్రశ్నిస్తారు. చప్పట్లు మోగుతాయి, సభ ముగుస్తుంది. అదే సభలో ముందు వరుసన కూర్చున్న పిల్లవాడు, హమీద్ చేతిలోని ఆయుధం ఏమిటి, ఉస్మాన్ కాపాడిన ఊరు ఏది అని అడిగితే మాత్రం వేదిక మీద ఉన్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

ఈ అలవాటు గురించి మా అభిప్రాయాన్ని ఈ నెల నిర్మొహమాటంగా చెప్పదలిచాము. ఆ ఇద్దరూ తమ వృత్తిలో ఆరితేరిన సైనికులు. వారు ఏం చేశారో, ఎలా చేశారో తెలుసుకుని గౌరవించవలసిన మనం, వారి పేర్లను పూచీకత్తు పత్రాలుగా మార్చి జేబులో పెట్టుకు తిరుగుతున్నాము. దీనివల్ల వారికీ అన్యాయమే జరుగుతున్నది, మన హక్కులకూ నష్టమే కలుగుతున్నది. ముందుగా వారు చేసిన పని ఏమిటో చూద్దాము.

ఉస్మాన్ ఆజంగఢ్ ప్రాంతానికి చెందినవారు. ఇంగ్లండులోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది 1934లో అధికారి అయ్యారు. బలూచ్ రెజిమెంటులో పనిచేశారు. దేశవిభజన వేళ ఆ రెజిమెంటు పాకిస్తాన్ వాటాకు వెళ్లింది. తోటి అధికారులు అటు నడిచారు. పాకిస్తాన్ నాయకత్వం ఆయనకు ఉన్నత పదవి ఆశ చూపిందని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. ఉస్మాన్ ఇక్కడే ఉండిపోయారు. ఆయనను డోగ్రా రెజిమెంటుకు మార్చారు.

1947 డిసెంబరులో ఆయనకు 50వ పారా బ్రిగేడు నాయకత్వం అప్పగించి నౌషేరాకు పంపారు. మీర్పూర్ నుంచి, కోట్లీ నుంచి వచ్చే దారులు కలిసే కూడలి ఝంగర్. అది చేతిలో ఉన్నవారికి ఆ ప్రాంతపు రాకపోకలు చేతిలో ఉన్నట్లే. ఆ డిసెంబరు చివరి వారంలో ఝంగర్ శత్రువుల వశమైంది. దాన్ని తిరిగి గెలిచేవరకు మంచం మీద పడుకోనని ఉస్మాన్ ప్రతిన పూనారు. చలి కొరికే ఆ కొండల్లో నేల మీద చాప పరచుకుని నిద్రించారు. ఇది కేవలం ఆవేశంతో చేసిన ప్రతిన అని ఎవరైనా అనుకుంటే, తర్వాతి మూడు నెలల్లో ఆయన చేసిన పనిని గమనించాలి. ముందు నౌషేరా చుట్టూ ఉన్న కొండలను ఒక్కొక్కటిగా పటిష్ఠం చేసుకున్నారు. 1948 ఫిబ్రవరి 6న శత్రువులు వేల సంఖ్యలో నౌషేరా మీద విరుచుకుపడినప్పుడు ఆ ఏర్పాట్లే ఊరిని నిలబెట్టాయి. ఆ రోజు తైన్ ధార్ కొండ మీద చిన్న బృందంతో పోరాడి నేలకొరిగి పరమవీర చక్ర పొందిన నాయక్ జదునాథ్ సింగ్ ఉస్మాన్ నాయకత్వం కింద పనిచేసిన సైనికుడే. అనంతరం మార్చి 18న ఝంగర్ తిరిగి భారత సైన్యం చేతికి వచ్చింది. ఆ రాత్రి బ్రిగేడియరు గారికి మంచం దొరికింది.

ఆయన తల మీద ఏభై వేల రూపాయల వెల కట్టారు. ఆనాటి ఏభై వేలు ఎంత పెద్ద మొత్తమో మా వయసువారికి తెలుసు. జూలై 3 సాయంత్రం ఝంగర్ స్థావరం మీద గుండ్ల వర్షం కురిసింది. ముప్పై ఆరవ పుట్టినరోజుకు పన్నెండు రోజుల ముందు ఆయన కన్నుమూశారు. మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు. ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియా సమీపంలో జరిగిన ఖననానికి ప్రధాని నెహ్రూ, మంత్రివర్గ సభ్యులు హాజరయ్యారు. ఉస్మాన్ వివాహం చేసుకోలేదు. జీతంలో అధిక భాగం పేద పిల్లల చదువులకే వెళ్లేదని ఆయనను ఎరిగినవారు రాశారు.

ఇక హమీద్ విషయం. 1954 డిసెంబరులో సైన్యంలో చేరి, గ్రెనేడియర్స్ రెజిమెంటు నాలుగో బెటాలియనులో పనిచేశారు. 1962లో చైనాతో యుద్ధంలో నమ్కా చూ లోయలో ఆ బెటాలియను పడిన కష్టాలన్నీ ఆయన చూశారు. 1965 నాటికి ఆయన హోదా కంపెనీ క్వార్టర్‌మాస్టర్ హవల్దార్. అంటే కంపెనీకి కావలసిన సరకులు, సామగ్రి, వాటి లెక్కలు చూసే బాధ్యత. జీవితమంతా కచేరీ రికార్డుల మధ్య గడిపిన మాకు ఈ వివరం మీద ప్రత్యేకమైన అభిమానం ఉన్నదని దాచుకోము. అయితే ట్యాంకులను కొట్టే 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్ వాడకంలో ఆయనకు మించిన నిపుణుడు బెటాలియనులో లేడు. అందుకే యుద్ధం వచ్చినప్పుడు స్టోర్సు లెక్కల నుంచి ఆయనను పిలిచి ఆ దళాన్ని అప్పగించారు.

ఈ ఆయుధం గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఇది తెలియకుండా హమీద్ సాహసం అర్థం కాదు. మామూలు ఫిరంగి పేలితే గుండు ముందుకు, ఫిరంగి వెనక్కి తన్నుకుంటాయి. ఆ తన్నును ఆపడానికి బరువైన దిమ్మె కావాలి. రీకాయిల్‌లెస్ గన్‌లో పేలుడు వాయువులో కొంత భాగాన్ని వెనుక వైపు నుంచి బయటికి వదులుతారు. అందువల్ల గన్ వెనక్కి తన్నదు, బరువు సుమారు రెండు వందల కిలోలకు తగ్గుతుంది, ఒక జీపు మీద బిగించుకుని తిరగవచ్చు. దాని గుండు ఉక్కు కవచాన్ని తన వేగంతో పగలగొట్టదు. తగిలినచోట పేలి, లోహపు ధారను సూదిలా లోపలికి పంపుతుంది.

ఇదంతా లాభం. నష్టమూ అంతే ఉంది. వెనుకకు వదిలిన వాయువు మంటగా, ధూళిగా పైకి లేచి, గన్ ఎక్కడ ఉన్నదో మైళ్ల దూరానికి చూపిస్తుంది. జీపుకు కవచం ఉండదు. కాబట్టి ఒక్క గుండు పేల్చగానే శత్రువు గురిపెట్టేలోపు చోటు మార్చాలి. మొదటి గుండు గురి తప్పితే రెండోదానికి అవకాశం దొరుకుతుందన్న నమ్మకం లేదు. అవతల ఉన్నది అమెరికా తయారీ ప్యాటన్ ట్యాంకు: నలభై టన్నులకు పైబడిన బరువు, తొంభై మిల్లీమీటర్ల ఫిరంగి, ముందువైపు దళసరి ఉక్కు కవచం. దాని ఎదుట జీపులో నిలబడాలంటే గుండెధైర్యం ఒక్కటే చాలదు. దూరం అంచనా, చాటు ఎంపిక, కన్ను చెప్పేదాకా వేలు కదపని ఓర్పు కావాలి. ఇవి ఏళ్ల తరబడి సాధన చేస్తేగాని పట్టుబడవు.

1965 సెప్టెంబరు 8న పాకిస్తాన్ సైన్యం పంజాబులోని ఖేమ్ కరణ్ పట్టణాన్ని ఆక్రమించింది. అక్కడి నుంచి ముందుకు సాగి బియాస్ నది వంతెనను చేజిక్కించుకుంటే అమృత్‌సర్‌కు, సరిహద్దు దళాలకు పెద్ద రహదారి తెగిపోయేది. దాన్ని ఆపవలసిన భారత నాలుగో మౌంటెన్ డివిజను అసల్ ఉత్తర్ అనే గ్రామం వద్ద గుర్రపు నాడా ఆకారంలో నిలిచింది. కాలువల నీటిని పొలాల్లోకి వదిలారు. చెరకు తోటల చాటున ట్యాంకులను దాచారు. బురదలో వేగం తగ్గిన ప్యాటన్లు ఆ నాడా లోపలికి వచ్చి చిక్కుకున్నాయి.

నాలుగో గ్రెనేడియర్స్ బెటాలియను చీమా గ్రామం వద్ద రాత్రికి రాత్రి కందకాలు తవ్వుకుని నిలిచింది. ఆ రోజుల్లో వచ్చిన దాడులను హమీద్ దళం ఎదుర్కొన్నది. సెప్టెంబరు 10 ఉదయం ఎనిమిది గంటలకు ప్యాటన్ ట్యాంకులు బారులు తీరి వచ్చి, గంట గడిచేసరికి ముందు వరుస కంపెనీల మధ్యకు చొచ్చుకు వచ్చాయి. హమీద్ తన జీపును పక్కకు నడిపించి, చాటున నిలిపి, ముందున్న ట్యాంకును దగ్గరికి రానిచ్చి పేల్చారు. వెంటనే చోటు మార్చారు. మరో ట్యాంకును పేల్చారు. ఈలోగా శత్రువులు ఆయన జీపును కనిపెట్టి మరతుపాకులు, ఫిరంగులు అటే తిప్పారు. ఆయన గన్ ఆగలేదు. చివరికి ఒక గుండు నేరుగా తగిలి జీపు మీదనే నేలకొరిగారు. ఆరు రోజులకు, అంటే సెప్టెంబరు 16న, పరమవీర చక్ర ప్రకటన వెలువడింది. 1966 గణతంత్ర దినోత్సవాన ఆయన భార్య రసూలన్ బీబీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ఆ పతకాన్ని అందుకున్నారు.

ఆయన పడగొట్టిన ట్యాంకులు ఏడని కొందరు, ఎనిమిదని కొందరు రాశారు. పోస్టర్లలో ఆ సంఖ్యను ఇంకా పెంచేవారున్నారు. ఆ అవసరం లేదని మా మనవి. కవచం లేని జీపు మీద నిలబడి ఒక ప్యాటన్‌ను కొట్టి, చోటు మార్చి, రెండోదాన్ని కొట్టడమే సైనిక విద్యాలయాల్లో పాఠంగా చెప్పదగిన పని. దానికి మన అతిశయోక్తులు తగిలిస్తే నిజం కూడా అనుమానాస్పదమవుతుంది.

ఆ పొలాల్లో పోరాడినవారు ఇంకెవరు? డివిజను నాయకుడు మేజర్ జనరల్ గుర్‌బక్ష్ సింగ్. ట్యాంకుల బ్రిగేడు నాయకుడు బ్రిగేడియర్ థామస్ థియోగరాజ్. సెంచూరియన్ ట్యాంకులు గల మూడో కావల్రీకి నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ సలీమ్ కాలెబ్. పేరు చూసి మనవారని కొందరు అనుకుంటారు, ఆయన క్రైస్తవుడు. రెండో ప్రపంచయుద్ధ కాలపు పాత షెర్మన్ ట్యాంకులతో నిలిచిన దళం డెక్కన్ హార్స్. 1790లో నిజాం రాజ్యంలో, మన హైదరాబాదు గడ్డ మీద పుట్టిన అశ్వికదళానికి వారసురాలు అది. దాని నాయకుడు అరుణ్ వైద్య తర్వాతి కాలంలో దేశ సైన్యాధిపతి అయ్యారు. యుద్ధం ముగిసేసరికి పాకిస్తాన్ అక్కడ 97 ట్యాంకులు పోగొట్టుకున్నదని మన పక్షం లెక్క. చేజిక్కిన ప్యాటన్లను భిఖీవింద్ వద్ద వరుసగా నిలబెట్టి ఆ చోటుకు ప్యాటన్ నగర్ అని పేరు పెట్టారు.

ఆ ఉదయం హమీద్ జీపు నడిపిన డ్రైవరు, గుండు అందించిన తోటి సైనికుడు, ఎదుటి ట్యాంకులోని శత్రువు — ఎవరి నమాజు, ఎవరి పూజ అని అక్కడ ఎవరూ విచారించలేదు. శత్రువుల్లో అత్యధికులు హమీద్ మతస్థులే. ఆయన గురి దానివల్ల చెదరలేదు. చెదరకపోవడాన్ని ఆయన ఒక నిరూపణగా భావించి ఉంటారని మేము అనుకోము. ఆయనకు అప్పగించిన పని అది. దాన్ని ఆయన పూర్తిచేశారు.

ఇప్పుడు అసలు మాటకు వద్దాము. ‘కాలం బాగాలేదు, ఇలాంటి పేర్లు చెప్పకపోతే మనల్ని ఎవరు నమ్ముతారు?’ అని కొందరు మిత్రులు అంటారు. వారి బాధ మాకు తెలుసు. అద్దె ఇల్లు అడిగినప్పుడు, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, రైలు ప్రయాణంలో, పేరు చెప్పగానే ఎదుటివారి ముఖం మారడాన్ని చూసిన కుటుంబాలు మన పాఠకుల్లో ఎన్నో ఉన్నాయి. అయినా ఈ వాదనను మేము అంగీకరించలేము. అందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది తర్కానికి సంబంధించినది. హమీద్ ఒక్కరి శౌర్యం కోట్లాది ముస్లిముల విధేయతకు రుజువు అని మనమే ఒప్పుకుంటే, రేపు ఎవడో ఒక ముస్లిం చేసిన నేరం ఆ కోట్లాది మందికీ అంటుతుందని ఒప్పుకున్నట్లే. రెండింటికీ లెక్క ఒక్కటే. కీర్తి వచ్చినప్పుడు ఆ లెక్కను వాడుకుని, నింద వచ్చినప్పుడు వద్దనడం చెల్లదు. వ్యక్తి చేసిన మేలు, కీడు ఆ వ్యక్తివే అన్న న్యాయసూత్రమే మనకు రక్ష. దాన్ని మన నోటితో మనమే బలహీనపరచరాదు.

రెండవది హక్కుకు సంబంధించినది. ధామూపూర్ దర్జీ కుమారుడు సైన్యానికి వెళ్లకుండా తండ్రి కుట్టుమిషను దగ్గరే కూర్చుని, ఊరివారి చొక్కాలు కుట్టుకుంటూ ముసలితనం దాకా బతికి ఉంటే, ఆయన పౌరసత్వంలో వీసమెత్తు తక్కువయ్యేదా? హమీద్ సైన్యంలో చేరేనాటికి మన రాజ్యాంగం అమలులోకి వచ్చి దాదాపు ఐదేళ్లు. దాని 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానులని చెబుతుంది. 15వది మతం కారణంగా వివక్ష కూడదంటుంది. 16వది ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశం ఇస్తుంది. ఈ మూడింటిలో దేనికీ ‘ప్రాణత్యాగం చేసిన పక్షంలో’ అన్న షరతు లేదు. బీడీలు చుట్టే తల్లి, పండ్ల బండి నడిపే తండ్రి, పరమవీర చక్ర పొందిన హవల్దారు ఒకే పుటలో ఒకే అక్షరాలతో నమోదైన పౌరులు. రక్తంతో వెల చెల్లించాకే హక్కు లభిస్తుందని మనం ఒప్పుకుంటే, చెల్లించలేని పేదవారి గతి ఏమిటి?

మూడవది అనుభవం నేర్పినది. ధ్రువపత్రాల వ్యవహారం ఎరిగిన ఎవరికైనా తెలుసు: అడిగే అధికారం లేనివారికి ఒకసారి పత్రం చూపిస్తే, మరుసటిసారి రెండు పత్రాలు అడుగుతారు. సందేహించాలని నిశ్చయించుకున్నవాడికి ఉస్మాన్ పేరు చాలదు, హమీద్ పేరు చాలదు. నిజంగా తెలుసుకోగోరే ఇరుగుపొరుగువారికి ఆ పేర్లు వాదనగా అక్కరలేదు. కథగా చెబితే వారే ఆప్యాయంగా వింటారు.

అయితే ఆ వీరులను మరచిపొమ్మని మా ఉద్దేశమా? కానే కాదు. ఇప్పటికంటే ఎక్కువగా, ఇంకా వివరంగా గుర్తుంచుకోవాలన్నదే మా కోరిక. 2020 డిసెంబరులో ఢిల్లీలోని ఉస్మాన్ సమాధి దెబ్బతిని ఉన్నట్లు వెలుగులోకి వచ్చింది. సైన్యం పూనుకుని దాన్ని బాగుచేయించింది. దేశమంతటా మన వేదికల మీద ఆ పేరు మారుమోగుతూ ఉండగా ఆ రాయి పగిలి ఉన్నది. నినాదానికీ స్మరణకూ ఎంత దూరం ఉన్నదో ఈ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. దీనికి భిన్నంగా రసూలన్ బీబీని చూడండి. 2019లో కన్నుమూసేవరకు, వితంతువుగా గడిపిన ఏభై ఏళ్లకు పైగా, ఆమె భర్త జ్ఞాపకాన్ని తన ఊరిలో సజీవంగా నిలిపారు. స్మరణ అంటే అది.

కాబట్టి మన సంఘాలకు, పాఠశాలలకు, మదరసాలకు మా సూచనలు ఇవి. ఈ జూలైలో ఒక సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి ఉపన్యాసానికి బదులు ఒక పటం చూపండి. నౌషేరా ఎక్కడ, ఝంగర్ ఎక్కడ, ఖేమ్ కరణ్ నుంచి బియాస్ వంతెన ఎంత దూరం అని వారి చేతనే గుర్తింపజేయండి. రీకాయిల్‌లెస్ గన్ వెనక్కి ఎందుకు తన్నదో సైన్సు ఉపాధ్యాయుని చేత చెప్పించండి. న్యూటను మూడో సూత్రం వారికి జీవితాంతం గుర్తుంటుంది. ఉస్మాన్ పేరు పక్కన జదునాథ్ సింగ్ పేరు, హమీద్ పేరు పక్కన థియోగరాజ్ పేరు రాయించండి. ఆ సభకు ఇరుగుపొరుగు పిల్లలను కూడా పిలవండి.

సైన్యం మీద ఆసక్తి గల పిల్లలుంటే దారి కూడా చూపండి. విజయనగరం జిల్లా కోరుకొండలోను, కలికిరిలోను సైనిక పాఠశాలలున్నాయి. ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశానికి జాతీయస్థాయి పరీక్ష ఉంటుంది. నేషనల్ డిఫెన్స్ అకాడమీ తలుపులు 2022 నుంచి ఆడపిల్లలకూ తెరుచుకున్నాయి. అగ్నిపథ్ పథకం కింద చేరేవారి సేవాకాలం నాలుగేళ్లని, ఆ తర్వాత నాలుగో వంతు మందినే కొనసాగించాలన్నది ప్రకటించిన నియమమని తల్లిదండ్రులు ముందే తెలుసుకుని నిర్ణయించుకోవాలి. దరఖాస్తు గడువు, శారీరక ప్రమాణాలు, సర్టిఫికెట్లలో పేరు స్పెల్లింగు ఒకేలా ఉన్నదా లేదా అన్న చిన్న విషయాలే మన పిల్లలను ఎక్కువగా వెనక్కి నెడుతున్నాయి. వాటిని సరిచూసే పనికి ప్రతి మహల్లాలో ఇద్దరు చదువుకున్నవారు ముందుకు వస్తే చాలు. ఎవరి విధేయతనో నిరూపించడానికి కాక, ఆ పని నచ్చినందుకు, ఆ ఉద్యోగంలో తమకూ సమాన హక్కు ఉన్నందుకు మన పిల్లలు అక్కడికి వెళ్లాలి. మతాన్ని సాకుగా చూపి ఎవరైనా అడ్డుకుంటే 16వ అధికరణాన్ని పట్టుకుని పోరాడాలి. ఆ పోరాటంలో ఈ పత్రిక వారి వెంట ఉంటుంది.

హిందీ, ఉర్దూ తెలిసిన చెవికి అసల్ ఉత్తర్ అన్న మాట అసలైన జవాబులా వినిపిస్తుంది. ఆ యుద్ధం తర్వాత ఆ ఊరి పేరును అలాగే చమత్కరించినవారు చాలామంది ఉన్నారు. మన దేశభక్తిని ప్రశ్నించేవారికి మన అసలైన జవాబు అమరుల జాబితాలో లేదు. మనం ఈ దేశ పౌరులం. ఆ ప్రశ్న పక్కింటివారిని అడగని పక్షంలో మనల్ని అడిగే అధికారం ఎవరికీ లేదు. ఈ మాటను గొంతు పెంచకుండా, తల దించకుండా చెప్పడం మన పిల్లలకు నేర్పుదాము. ఉస్మాన్, హమీద్‌ల కథలను మాత్రం ఎవరూ అడగకపోయినా చెప్పుకుందాము.